పార్టీలో గొడవలు, మా పెద్దమ్మ ఓటు

మా ఊళ్ళో కాంగ్రెస్ అంటే ఒక పార్టీ కాదు, రెండు. పెద్దబజారు వాళ్ళ కాంగ్రెస్ ఒకటి, కాలవగట్టు వాళ్ళ కాంగ్రెస్ ఇంకొకటి. రెండిళ్ళ గోడల మీదా నెహ్రూ, ఇందిరమ్మ ఫొటోలే. ఇద్దరూ ఖద్దరే కట్టేవాళ్ళు. అసెంబ్లీ ఎన్నికలొస్తే ఇద్దరూ ఒకే గుర్తుకి ఓటెయ్యమని తిరిగేవాళ్ళు. కాకపోతే ఒకరు తిరిగిన వీధిలోకి రెండోవాళ్ళు ఆ పూట అడుగుపెట్టేవాళ్ళు కాదు. పంచాయతీ ఎన్నికలొచ్చాయంటే మాత్రం తలలు పగలాల్సిందే.

మాది తెనాలి అవతల, వేమూరు నియోజకవర్గం. వరి, పసుపు, తమలపాకు తోటల ఊరు. నేను చెప్పేది డెబ్భైల చివరి సంగతి.

ఈ మధ్య టీవీలో ఎవరో విశ్లేషకుడు, పార్టీలో కుమ్ములాటలు కనపడితే ఓటరు దూరమవుతాడని తేల్చి చెప్తుంటే నాకు మా పాలేరు గుర్తొచ్చాడు. ఇళ్ళ స్థలాల పట్టాలు ఇస్తున్నారని తెలిసి అతను ముందు పెద్దబజారుకే వెళ్ళాడు. అరుగు కింద నిలబడి అడిగితే, పోయిన పంచాయతీలో నీ ఓటు ఎటు పడిందో నాకు తెలుసులే అని పంపించేశారు. మర్నాడు పొద్దున్నే కాలవగట్టుకి వెళ్ళి, "వాళ్ళు కుదరదన్నారయ్యా" అన్నాడు. అంతే. వాళ్ళు కుదరదన్న పని చేసి చూపించడం కాలవగట్టు వాళ్ళకి పరువు సమస్య అయిపోయింది. నెల తిరక్కుండా సమితి ఆఫీసు నుంచి పట్టా వచ్చింది. ఆ కాగితం మడతలు పాడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా నాన్నకి చూపించడానికి తెచ్చాడు. "ఇద్దరూ కలిసుంటే నాకు ఇది వచ్చేది కాదు బాబూ" అన్నాడు నవ్వుతూ. కాంగ్రెస్‌లో గ్రూపులు పోవాలని అతను ఏనాడూ కోరుకుని ఉండడు.

హైదరాబాదులో ముఖ్యమంత్రి మారితే మా ఊళ్ళో సొసైటీ గుమాస్తా మారేవాడు. 1978 నుంచి 1983 జనవరి దాకా, అయిదేళ్ళలోపే నలుగురు ముఖ్యమంత్రులు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ప్రతిసారీ మా ఊళ్ళో ఒక ఇంటి అరుగు నిండేది, ఇంకో ఇంటి అరుగు బోసిపోయేది. చెన్నారెడ్డి దిగిపోయిన రోజున ఒక వర్గం వాళ్ళు రామాలయం దగ్గర సీమటపాకాయలు కాల్చడం నాకు లీలగా గుర్తు. జనం దాన్ని తిట్టుకోలేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడి కోసం చూసినట్టు ఎదురుచూసేవాళ్ళు. కూలికి వెళ్ళే ఆడవాళ్ళు నాట్లేస్తూ కూడా ఇప్పుడెవరి రోజులమ్మా అని మాట్లాడుకునేవాళ్ళు.

అంత ఓపిక ఉన్న జనానికి 1982 వచ్చేసరికి ఎందుకు ఒళ్ళు మండింది? గొడవలు ఎక్కువయ్యాయని కాదని నా ఉద్దేశం. తీర్పు చెప్పేది ఢిల్లీ వాళ్ళని తేలిపోవడం వల్ల. బేగంపేట విమానాశ్రయంలో అంజయ్యగారికి రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానం పేపర్లో చదివాక, అంతకుముందు అంజయ్యగారి జంబో మంత్రివర్గం మీద జోకులేసుకున్నవాళ్ళే మూతి బిగించుకున్నారు. మన ముఖ్యమంత్రిని మనం ఏమైనా అనుకుంటాం, పైవాడెవడో అంటే మాత్రం ఊరుకోం. పెద్దబజారు, కాలవగట్టు తన్నుకుంటుంటే చూసి ఆనందించిన ఊరు, పక్క ఊరివాడు వచ్చి వాళ్ళలో ఒకణ్ణి చెంపదెబ్బ కొడితే ఊరుకోనట్టే ఇదీ.

1982 మార్చిలో ఎన్టీఆర్ తెలుగుదేశం పార్టీ పెట్టారు. 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. మా వేమూరులో సైకిల్ గుర్తు మీద గెలిచింది ఎవరో కాదు, నాదెండ్ల భాస్కరరావుగారు. పార్టీలో రెండో మనిషి, ఆర్థిక మంత్రి. మన ఎమ్మెల్యే ఆర్థిక మంత్రి అని ఊళ్ళో కాస్త గర్వంగానే ఉండేది. అయితే ఒక మాట దాచకూడదు, మా ఊళ్ళో చాలామంది ఓటేసింది ఎన్టీఆర్ మొహం చూసి. బ్యాలట్ పేపరు మీద పేరు చదివింది ఎవరు?

1984 ఆగస్టు పదహారు. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని ఎన్టీఆర్ తిరిగొచ్చి రెండు రోజులు కాలేదు. గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని తీసేసి నాదెండ్ల చేత ప్రమాణం చేయించారు. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. రేడియోలో చెప్పింది ఎవరూ నమ్మలేదు, రేడియో ఢిల్లీ వాళ్ళది కదా. తెనాలి నుంచి బస్సులో పేపరు కట్ట వచ్చేదాకా టీకొట్టు దగ్గర జనం కదలలేదు. కట్ట తాడు కొయ్యడానికి కత్తి కోసం వెతుకుతుంటే ఎవరో పళ్ళతో కొరికేశారు. ఒకాయన బల్ల ఎక్కి నిలబడి పైకి చదివాడు. మా ఎమ్మెల్యే ముఖ్యమంత్రి అయ్యాడన్న వార్త అది. మా నియోజకవర్గానికి అంతకంటే శుభవార్త ఇంకోటి ఉంటుందా, లెక్క ప్రకారం? చప్పట్లు లేవు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత అందరూ ఒక్కసారే మాట్లాడారు.

ఆ రోజు నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి మా కరణంగారు. ఆ ఏడాది మొదట్లోనే ఎన్టీఆర్ కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దు చేశారు. తరతరాలుగా వస్తున్న ఉద్యోగం, దాంతోపాటు ఊళ్ళో ఉన్న పెత్తనం పోయి ఆయన ఇంట్లోంచి బయటికి రావడమే మానేశారు. ఎన్టీఆర్ పేరెత్తితే ఉమ్మేసేవారు. ఆయన పండగ చేసుకుంటారని అందరూ అనుకున్నాం. సాయంత్రం రామాలయం అరుగు మీదకొచ్చి కూర్చుని, "నా పొట్ట కొట్టినవాణ్ణి నేను ఓటుతో దింపుతా. దింపడానికి వీళ్ళెవరు?" అన్నారు. మా లెక్కల మాస్టారిదీ అదే వరస. రిటైర్మెంటు వయసు యాభై అయిదుకి తగ్గించడంతో అర్ధాంతరంగా ఇంటికొచ్చిన మనిషి. మర్నాడు మా పిల్లల ఊరేగింపుకి ముందు నడిచింది ఆయనే. ఎండలో గొడుగేసుకుని, మధ్యమధ్యలో మా వరసలు సరిచేస్తూ, నినాదాల్లో ఒత్తులు పలకనివాళ్ళని తిడుతూ.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, అది పార్టీలో గొడవే. నాదెండ్ల వర్గానిది కూడా ఒక వాదన ఉంది: ఎన్టీఆర్ ఎవరి మాటా వినరు, అంతా ఆయన ఇష్టప్రకారమే నడుస్తుంది, పార్టీ పెట్టడంలో మా చెమటా ఉంది అని. అందులో నిజం లేకపోలేదు. కానీ జనం ఆ వాదన వినడానికి కూర్చోలేదు. ఆపరేషన్ గాటు మానని మనిషి, ఆయన ఇంట్లో లేనప్పుడు జరిగిన పని, వెనక ఢిల్లీ చెయ్యి. ఈ మూడూ కలిసేసరికి ఇంకేం వినపడలేదు. చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళిన ఎన్టీఆర్ ఫొటో పేపర్లో వస్తే, మా టీకొట్టు ఆయన దాన్ని మైదా పెట్టి తడిక మీద అంటించాడు. వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కనే.

ఆ నెల రోజులూ బంద్‌లు, రాస్తారోకోలు. కొన్నిచోట్ల కాల్పులు జరిగి ప్రాణాలు కూడా పోయాయి. ఎమ్మెల్యేలని నాచారం స్టూడియోలో దాచారని, కర్ణాటక తీసుకెళ్ళారని, నందిహిల్స్‌లో ఉన్నారని రోజుకో కబురు. కమ్యూనిస్టులూ, బీజేపీ వాళ్ళూ, జనతా వాళ్ళూ ఒకే జీపెక్కి తిరగడం మా ఊరు మొదటిసారి చూసింది. రామ్‌లాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చారు. సెప్టెంబరు పదహారున ఎన్టీఆర్ మళ్ళీ ప్రమాణం చేశారు. సరిగ్గా నెల. మా నియోజకవర్గానికి ముఖ్యమంత్రి పదవి వచ్చిందీ పోయిందీ ఆ నెలలోనే. పోయినందుకు మిఠాయి పంచుకున్న నియోజకవర్గం దేశం మొత్తం మీద మాదొక్కటే అయ్యుంటుంది.

మా పెద్దమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. నాన్నగారి అన్న భార్య. చదువు లేదు, అయినా ఓటు విషయంలో పెదనాన్న మాట కూడా వినేది కాదు. ఆ అక్టోబరు ముప్ఫయి ఒకటిన ఇందిరమ్మని చంపేశారని తెలిసి ఆవిడ అన్నం తినలేదు. గోడ మీద ఫొటోకి బంతిపూల దండ వేసింది, మూడు రోజులు ఏడ్చింది. డిసెంబరులో పార్లమెంటు ఎన్నికలొస్తే వెళ్ళి సైకిల్ మీద గుద్దేసి వచ్చింది. "అదేంటి పెద్దమ్మా, అంత ఏడ్చావుగా" అంటే, "ఏడుపు ఏడుపే, ఓటు ఓటే. పాపం ఆవిడ పోయింది. ఆ ముసలాయన్ని ఏడిపించిన సంగతి మర్చిపోతానేంటి?" అంది. దేశమంతా కాంగ్రెస్ ఊడ్చేసిన ఆ ఎన్నికల్లో మన రాష్ట్రంలో నలభై రెండు సీట్లలో తెలుగుదేశం ముప్ఫయి గెలిచి లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. ఇలా ఏడ్చి ఓటేసిన పెద్దమ్మలు ఊరికి ఎంతమంది ఉన్నారో మరి. 1985 మార్చిలో అసెంబ్లీకి మళ్ళీ ఎన్నికలు పెడితే 202 సీట్లు.

ఆ తర్వాత తెలుగుదేశంలో గొడవలు కనపడటం మానేశాయి. 1989 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ మంత్రులందర్నీ ఒక్క దెబ్బకి తీసేస్తే కూడా పార్టీలో పెద్దగా చప్పుడు లేదు. అప్పుడే మా పాలేరు ఒక మాటన్నాడు: "ఈ పార్టీలో ఒకరు కాదంటే వెళ్ళడానికి రెండో ఇల్లు లేదు బాబూ." సమితులు పోయి మండలాలొచ్చాయి, ఆఫీసు దగ్గరికొచ్చింది, ఇదంతా మంచిదే. కానీ పనయ్యేది ఒక్క అరుగు మీదే. 1989లో ఎన్టీఆర్ ఓడిపోవడానికి పండితులు చాలా కారణాలు చెప్పారు. నా వరకు ఇది కూడా ఒకటి. ఏ పుస్తకంలోనూ చదివింది కాదు.

కాంగ్రెస్ మళ్ళీ వచ్చింది, మళ్ళీ అయిదేళ్ళలో ముగ్గురు. చెన్నారెడ్డి, జనార్దనరెడ్డి, మళ్ళీ కోట్ల. ఈసారి మా ఊళ్ళో టపాకాయలు లేవు. పెద్దబజారు వాళ్ళ పిల్లలు అమెరికాలో, కాలవగట్టు వాళ్ళు చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లు పెట్టుకుని అక్కడే. ఢిల్లీ నుంచి సీల్డ్ కవర్లో వచ్చే ముఖ్యమంత్రి పేరు గురించి ఎదురుచూసే ఓపిక ఎవరికీ లేదు. 1994లో కాంగ్రెస్‌కి ఇరవై ఆరు సీట్లు మిగిలాయి. తెలుగుదేశానికి 216.

తొమ్మిది నెలలు తిరక్కుండానే 1995 ఆగస్టు.

నేను అప్పుడు హైదరాబాదులో చిక్కడపల్లిలో రూములో ఉంటూ ఒక ఆఫీసులో లెక్కలు రాసేవాణ్ణి. సాయంత్రం పనయ్యాక మా రూమ్మేటు, నేను ట్యాంక్‌బండ్ వైపు నడిచి వెళ్ళేవాళ్ళం, ఎన్టీఆర్ మీద అల్లుడు చంద్రబాబుగారి తిరుగుబాటు నడుస్తున్న వైస్రాయ్ హోటల్లో ఏం జరుగుతోందో చూద్దామని. లోపల ఎమ్మెల్యేలు, బయట పోలీసులు, మిరపకాయ బజ్జీల బండి. జనం ఉన్నారు గానీ వాళ్ళ మొహాల్లో పదకొండేళ్ళ కిందట నేను చూసిన కోపం లేదు. ఎన్ని కార్లు లోపలికెళ్ళాయి, ఎన్ని బయటికొచ్చాయి అని లెక్కపెట్టుకుంటున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు రాత్రికి సంఖ్య ఎంతవుతుందని పందెం కూడా వేసుకున్నారు. ఆ తర్వాత ఎన్టీఆరే చైతన్యరథం ఎక్కి హోటల్ ముందుకొచ్చారు. ఆయన మీద చెప్పులు పడ్డాయి. ఎన్టీఆర్ మీద! 1984లో అయితే రాష్ట్రం తగలబడిపోయేది.

శనివారం బస్సెక్కి ఊరెళ్ళాను. ఊరు ఉడికిపోతుంటుందని అనుకున్నాను. టీకొట్టు దగ్గర మాట్లాడుకుంటున్నది ఆ విషయమే, కానీ గొంతులు తగ్గించి. పక్కింట్లో మొగుడూపెళ్ళాలు పోట్లాడుకుంటుంటే ఎలా మాట్లాడతారో అలా.

"వాళ్ళూ వాళ్ళూ మామా అల్లుళ్ళు. మనం మధ్యలో ఏం దూరతాం?" అన్నాడు మా బాబాయి. 1984లో రైలు పట్టాల మీద కూర్చుని తెనాలి సబ్ జైల్లో రెండు రాత్రులు ఉండొచ్చిన మనిషి.

"ఆ రోజు మరి?"

"ఆ రోజు ఢిల్లీవాడు చేశాడురా. ఇది ఇంటి గొడవ."

ఇదే నన్ను ఇన్నేళ్ళూ వదలని విషయం. ఒకే పార్టీ, ఒకే నాయకుడు, ఆయన్ని దించింది రెండుసార్లూ సొంత ఎమ్మెల్యేలే. రెండుసార్లూ ముందుండి నడిపింది ఆర్థిక మంత్రే. తెలుగుదేశానికి ఆర్థిక శాఖ అచ్చిరాదని మా ఊళ్ళో జోకు. పైగా 1984లో ఎమ్మెల్యేలు చెదిరిపోకుండా కాపలా కాసినవాళ్ళలో ముందున్న చంద్రబాబుగారే 1995లో వాళ్ళని హోటల్లో కూడగట్టారు. ఇవన్నీ ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా ఒకసారి పట్టాల మీద పడుకున్న జనం రెండోసారి అరుగు దిగలేదు.

కొంత కారణం, ఈసారి గొడవలోకి ఒక ఆడమనిషి పేరు వచ్చింది. ఎమ్మెల్యేల ఫిర్యాదు ఎన్టీఆర్ భార్య లక్ష్మీపార్వతిగారి జోక్యం మీద. 1993లో ఆ పెళ్ళి జరిగినప్పటి నుంచీ గొణుగుతున్న ఊరికి అది చాలింది. ఆవిడ ఎంత జోక్యం చేసుకుందో, అందులో ఎంత నిజమో వేమూరులో ఎవరికి తెలుసు? అయినా అందరికీ తెలిసినట్టే మాట్లాడారు. మద్యనిషేధం తెచ్చాడని ఎన్టీఆర్‌కి హారతులిచ్చిన ఆడవాళ్ళే "ఆ వయసులో ఆయనకి పెళ్ళెందుకమ్మా" అన్నారు. పార్టీ ఎవరిది, ఎమ్మెల్యేలు ఎవరి పేరు చెప్పి గెలిచారు, తొమ్మిది నెలల కిందట వేసిన ఓటు ఏమైంది అనే ప్రశ్నలు అడిగే శ్రమ లేకుండా పోయింది. నాకు అది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ ఓటరు చూసే పద్ధతి అదే. పార్టీలో గొడవ రాజకీయంగా కనపడితే తీర్పు చెప్తాడు, కుటుంబంగా కనపడితే తలుపేసుకుంటాడు. అది తెలిసినవాళ్ళు గొడవని ఏ రంగులో చూపించాలో కూడా తెలుసుకునే ఉంటారు.

సెప్టెంబరు ఒకటిన చంద్రబాబుగారు ప్రమాణం చేశారు. మామగారు అల్లుణ్ణి దశమగ్రహమని తిడుతూ మాట్లాడిన క్యాసెట్టు బజార్లోకొచ్చింది. మా ఊరి సౌండ్ సిస్టమ్ కుర్రాడు దాన్ని రామాలయం మైకులో పెడితే జనం చేరారు. ఆ గొంతు విని కొందరు కళ్ళు తుడుచుకున్నారు. క్యాసెట్టు రెండో వైపు తిప్పేలోపు పాలు పితికే వేళయిందని లేచిపోయారు.

1996 జనవరి పద్దెనిమిదిన ఎన్టీఆర్ పోయారు. పెద్దమ్మ మళ్ళీ అన్నం మానేసింది. ఇందిరమ్మ పక్కన ఎన్టీఆర్ ఫొటో చేరింది, దండా పడింది. ఆ వేసవిలోనే పార్లమెంటు ఎన్నికలు. ఒకవైపు చంద్రబాబుగారి తెలుగుదేశం, ఇంకోవైపు లక్ష్మీపార్వతిగారి ఎన్టీఆర్ తెలుగుదేశం. ఎన్టీఆర్‌ని ఏడిపించినవాళ్ళ మీద పెద్దమ్మ కసి తీర్చుకుంటుందని నాకు గట్టి నమ్మకం. 1984లో అదే చేసింది కదా. ఓటేసి వచ్చాక అడిగాను.

"సైకిలుకే వేశాను" అంది, కాళ్ళు కడుక్కుంటూ.

"ఆయన్ని దించినవాళ్ళకా?"

"ఎవరికో నాకెందుకురా? సైకిల్ ఆయనది. ఆయన చేత్తో పెట్టింది. దాన్ని కాదని ఇంకో గుర్తు మీద గుద్దడానికి నాకు చెయ్యి రాలేదు."

సైకిల్ గుర్తు ఎవరికి దక్కాలని కోర్టుల్లోనూ ఎన్నికల సంఘం దగ్గరా ఎందుకు అంతగా కొట్టుకున్నారో అప్పుడు అర్థమైంది. మా బాబాయి మాత్రం లక్ష్మీపార్వతిగారి పార్టీకి వేశాడు. చివరికి ఆ పార్టీకి ఒక్క ఎంపీ సీటూ రాలేదు. తెలుగుదేశానికి పదహారు, కాంగ్రెస్‌కి ఇరవై రెండు. ఇద్దరి పోట్లాటలో లాభపడింది కాంగ్రెసే. "నీ ఓటు వల్లే" అని పెద్దమ్మా బాబాయీ ఒకరినొకరు అనుకుంటూ ఆ వేసవి గడిపారు. ఆవకాయ పెట్టేటప్పుడు కూడా అదే గొడవ.

1999లో హరికృష్ణగారు అన్న తెలుగుదేశం పెట్టారు. ఎన్టీఆర్ కొడుకు, చైతన్యరథం నడిపిన మనిషి. బాబాయి ఇంటింటికీ తిరిగాడు. పెద్దమ్మ దగ్గరికొచ్చి, "వదినా, ఈసారి సాక్షాత్తూ ఆయన కన్నకొడుకే" అన్నాడు. పెద్దమ్మ అప్పటికి నెల కిందటే దీపం పథకంలో వచ్చిన గ్యాస్ పొయ్యి మీద పాలు కాస్తోంది. సిలిండరుకి పసుపు రాసి బొట్టు కూడా పెట్టింది.

"చూడు మరిదీ, బావా బామ్మర్దులు ఇవాళ తిట్టుకుంటారు, రేపు ఏ పెళ్ళిలోనో కలిసి భోంచేస్తారు. మధ్యలో నువ్వు నాతో మాటలు మానేస్తే పండక్కి అరిసెలు ఎవరు పంపిస్తారు నీకు?" అంది.

అన్న తెలుగుదేశానికి ఒక్క సీటు కూడా రాలేదు. 2008లో హరికృష్ణగారు తెలుగుదేశం తరఫునే రాజ్యసభకి వెళ్ళారు. ఆ వార్త పేపర్లో చూసి ఊరికి ఫోన్ చేశాను. పెద్దమ్మకి అప్పటికి వినపడటం తగ్గింది. రెండుసార్లు గట్టిగా చెప్తే అర్థమైంది. "మీ బాబాయికి చెప్పావా?" అంది. లేదన్నాను. "నువ్వు చెప్పకు, నేనే చెప్తా" అని ఫోన్ పెట్టేసింది.